ఊహాలోకాల స్టాంపుల్లో మీకు దొరికిన చమత్కారాలు చెప్పండి

భూతద్దం47
డ్రాగన్లు, కోటలు, మంత్రగాళ్ల టోపీలు ప్రతి సెట్‌లోనూ ఉండేవే. వాటి వెనక దాచినవి మీకు ఏమేమి దొరికాయి? నిన్న రాత్రి ఒక ఊహానగరం షీటు ముందేసుకుని కూర్చున్నాను. యాభై స్టాంపులు, అన్నింటిలో ఒకే గోపురం, అవే కిటికీలు. నాలుగో వరుసలో ఒక్కదానిలో మాత్రం పై కిటికీలోంచి తాడు వేలాడుతోంది! మూడేళ్లుగా నా దగ్గరే ఉంది ఈ షీటు.

జిగురుడబ్బా
టెర్రీ ప్రాచెట్ ఫాంటసీ నవలల్లోని లోకం డిస్క్‌వరల్డ్. దాని స్టాంపులు సేకరించేవాళ్లు ఇలాంటివాటిని ‘స్పోర్ట్’ అంటారు. నవలలోని నగరానికి తపాలా బిళ్లలు వచ్చాయని చదివిన పాఠకుల కోసం 2004లో బెర్నార్డ్ పియర్సన్ వాటిని నిజంగానే అచ్చువేశారు. మామూలు స్టాంపుల మధ్య కావాలనే తేడా పెట్టినవి కొన్ని కలిపేస్తారు. చేతికి వచ్చాక భూతద్దం పట్టుకుని వెతుక్కోవడమే.

పాతఆల్బమ్
నాకు ఇది నచ్చదు. కావాలని చేసింది పొరపాటు ఎలా అవుతుంది? 1918లో అమెరికాలో 24 సెంట్ల స్టాంపు మీద విమానం తలకిందులుగా పడింది. అలాంటి షీటు ఒక్కటే జనం చేతికి వచ్చింది, అందులో ఉన్నవి వంద. అచ్చువేసినవాళ్లకే తెలియకుండా జరిగింది కాబట్టే దానికి అంత విలువ.

జిగురుడబ్బా
2013లో అదే తపాలా శాఖ ఏం చేసిందో గుర్తుందా? తలకిందుల విమానాన్నే 2 డాలర్ల స్టాంపుగా మళ్లీ వేసి, చడీచప్పుడు లేకుండా వంద షీట్లలో మాత్రం విమానాన్ని తిన్నగా ఎగరనిచ్చింది. తిన్నగా ఉన్నదే అపురూపమైంది! అసలు తపాలా శాఖే ఈ ఆట ఆడితే ఊహానగరం ఆడకూడదా?

పాతఆల్బమ్
సరే, ఈ ఒక్కదానికి ఒప్పుకుంటాను.

చిత్తుప్రతి
డబ్బు పేర్లు చూడండి, సగం నవ్వు అక్కడే ఉంటుంది. ఇంగ్లండ్ దగ్గరి లండీ అనే చిన్న ద్వీపం యజమాని 1929లో సొంత స్టాంపులు వేయించి, వాటి విలువను ‘పఫిన్’లలో రాయించాడు. పఫిన్ అంటే అక్కడి సముద్రపక్షి. ఆ పేరుతో నాణేలు కూడా కొట్టించి కోర్టు మెట్లెక్కాడు, జరిమానా కట్టాడు. స్టాంపులు మాత్రం ఆగలేదు. ఊహాదేశాల స్టాంపుల మీద ‘మూడున్నర గుడ్లగూబలు’ లాంటి విలువ కనబడితే నాకు వెంటనే ఆ పఫిన్ గుర్తొస్తుంది.

రెక్కలచేప
డ్రాగన్ విసుగు పుట్టించేంత పాతది. 1878లో చైనా మొదటి స్టాంపుల మీదే ఉంది. 2009లో బ్రిటన్ తపాలా సంస్థ రాయల్ మెయిల్ వేసిన ఆరు పౌరాణిక జీవుల్లోనూ ఉంది. వాటికి డేవ్ మెకీన్ వేసిన బొమ్మలు చాలా అందంగా ఉంటాయి, నవ్వు మాత్రం రాదు. జంతువు ఎంత వింతదైనా సరిపోదు. విలువ, ముద్ర, అంచు, ఓవర్‌ప్రింట్ (అచ్చయిన స్టాంపు మీద మళ్లీ వేసే అక్షరాలు), వీటితో ఆడుకుంటేనే నవ్వొస్తుంది. రాజు పదవి పోయాక అతని ముఖం మీద అడ్డంగా నల్లని అక్షరాలు పడ్డ స్టాంపు ఒకటి చూశాను. అక్షరాలు సరిగ్గా మీసం మీద పడ్డాయి!

చిత్తుప్రతి
అందుకే నాకు అమెరికన్ చిత్రకారుడు డొనాల్డ్ ఎవాన్స్ అంటే ఇష్టం. 1977లో చనిపోయేలోపు నలభైకి పైగా ఊహాదేశాలకు వేల స్టాంపులు నీటిరంగులతో వేశాడు. ఒక దేశం పేరుకు అర్థం ‘స్నేహితులు, ప్రేమికులు’. రంధ్రాల అంచు కావాలంటే టైప్‌రైటర్ మీద చుక్కలు కొట్టేవాడు. తపాలా ముద్రలు రబ్బరు మీద చెక్కుకునేవాడు.
నా దగ్గర టైప్‌రైటర్ లేదు. దారం తీసేసిన కుట్టుమిషనుతో గుచ్చాను. మొదటి వరుస చక్కగా వచ్చింది. రెండో వరుసలో చెయ్యి వణికి, సూది రాణిగారి ముక్కులోంచి పోయింది. తీసి పారేద్దామనుకున్నాను. మా అమ్మాయి ‘ముక్కుపుడక’ అని పేరు పెట్టి ఆల్బమ్‌లో పెట్టేసింది. ఇప్పుడు మిగతా స్టాంపులకూ ముక్కుపుడక గీస్తున్నాను.

పాతఆల్బమ్
అది అసలైన పొరపాటు. ఒకటి నాకు పంపుతారా?

రెక్కలచేప
అన్నట్టు, కెనడా స్టాంపుల్లో 1935 నుంచి అచ్చయిన సంవత్సరాన్ని బొమ్మలోనే చీమంత అంకెల్లో దాచడం మొదలైంది. ఊహాలోకాల స్టాంపులు గీసేవాళ్లలో కొందరు ఆ అలవాటు ఎత్తుకున్నారు. ఇటుక గోడలు, చెట్ల బెరడు వెతకండి. భూతద్దంగారూ, మీ షీటు ఇంకా చింపలేదు కదా? తాడున్న స్టాంపు ఒక్కటే చూసి వదిలేయకండి, చుట్టుపక్కలవీ చూడండి.

భూతద్దం47
చింపలేదు, ఇప్పుడే చూశాను. దాని కిందనే, ఐదో వరుసలో, గోపురం అడుగున గడ్డి మధ్య రెండు చిన్న బూట్లు, వాటి పక్కన ఒక సంచి ఉన్నాయి. మనిషి లేడు. ఆరో వరుస మొదలుపెడుతున్నాను.