బూడిద దిబ్బలు: పేడను తగలబెట్టింది పండగకా, దొడ్డి శుభ్రానికా?

పలుగుపార: ఉట్నూరు (ఆదిలాబాద్‌ది కాదు, పాలమూరు వైపు మక్తల్ దగ్గరిది), అనంతపురం జిల్లా పాలవాయి, బళ్లారి పక్కన కుప్‌గల్. కొత్తరాతియుగపు పశుపాలకుల బూడిద దిబ్బలు ఇలా వందకు పైనే ఉన్నాయి. అది ఆవుపేడ బూడిదేనని 1950ల్లో సూక్ష్మదర్శిని కింద తేలిపోయింది. ఎందుకు కాల్చారన్నదే తగువు. 1957లో ఉట్నూరు తవ్విన పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్, ఏటా వచ్చే పండగ మంటలన్నారు. మీరేమంటారు?

ఉలవగుగ్గిళ్లు: నాది ఆల్చిన్ పక్షమే. ఉట్నూరులో దుంగలు పాతి దొడ్డికి కంచె కట్టారు, అది కాలింది, మళ్లీ కట్టారు, మళ్లీ కాలింది. బూడిదలో గిట్టల అచ్చులున్నాయంటే కాల్చాక పశువుల్ని తిరిగి అక్కడికే తోలారన్నమాట. ఇన్నిసార్లు నిప్పు పొరపాటున పడదు. భోగి మంటలో పిడకలు ఎందుకు వేస్తామో ఆలోచించండి.

చిట్టెం: కావాలనే కాల్చారు, సరే. అంతమాత్రాన పండగ అయిపోదండీ. పేరుకున్న పేడలో జోరీగలు, పిడుదులు; వాన పడితే బురదలో గిట్టలు కుళ్లుతాయి. కాల్చడానికి ఈ కారణం చాలు. కర్ణాటకలోని బుదిహాళ్‌లో పురావస్తు శాస్త్రవేత్త పద్దయ్య గారి తవ్వకాల్లో దొడ్డి ఒకచోట, ఎత్తిపోసిన పేడకుప్ప పక్కన, ఇళ్లు ఆనుకుని కనిపించాయి. మామూలు పశువుల పల్లె.

ఉలవగుగ్గిళ్లు: మరి దిబ్బల్లో దొరికే గాజుకట్టిన గడ్డల సంగతి? పొయ్యిలో పిడక మెత్తటి బూడిదే అవుతుంది కదా.

చిట్టెం: పొయ్యిలో ఒక పిడక, ఇక్కడ ఎత్తైన కుప్ప. లోపల ఊక కుంపటిలా రోజుల తరబడి కుములుతుంది, పైన పడ్డ బూడిద దుప్పటిలా వేడిని పోనివ్వదు. గడ్డిలోని సిలికా, పేడలోని క్షారాలు కలిసి కరుగుతాయి. చల్లారితే బుడగలున్న చిట్టెం, మీరన్న ఆ గాజుగడ్డ. దీనికి పూజారి అక్కర్లేదు.

ఉలవగుగ్గిళ్లు: పంట వేసేవాళ్లు అంత ఎరువును తగలేస్తారా?

చిట్టెం: వాళ్లవి ఉలవ, పెసర, అండుకొర్ర. మొదటి రెండూ వేళ్ల బుడిపెల్లో నత్రజని తామే పట్టుకుంటాయి, ఎరువు కోసం అంతగా చూడవు. (ఆ బూడిదనే ఈ కాలపు రైతులు పొలాలకు తోలుకుపోయారు, దిబ్బలు తరగడానికి అదీ ఒక కారణం.)

పలుగుపార: దొడ్డా, కుప్పా అన్నది పొర చూసి చెప్పొచ్చు. రెండు పొరలు కలిసే అంచును మట్టి చెదరకుండా దిమ్మెగా కోసి, రెసిన్ పోసి గట్టిపరచి, 30 మైక్రాన్ల (0.03 మి.మీ.) పలకగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. తొక్కుడు పడ్డ పేడలో గడ్డి సిలికా ముక్కలు పడుకుని పలుచటి రేకుల్లా ఉంటాయి. ఎత్తిపోసిన పేడలో అన్నీ చిందరవందర. పేడకు గుర్తుగా వెతికే సన్నటి సున్నపు గోళికలు మాత్రం ఎక్కువ వేడికీ ఆమ్లానికీ నశించిపోతాయి. అవి లేవని పేడ కాదనేస్తే తప్పు. చిట్టెం పొరలో వెతకడమే దండగ, దాని కింది సగం కాలిన పొర తీసుకోండి.

ఉలవగుగ్గిళ్లు: పరీక్ష దొడ్డిని చూపిస్తుంది, మనసును చూపించదు. కుప్‌గల్ గుట్ట రాళ్ల నిండా మూపురపు పశువులనే చెక్కుకున్నవాళ్లు వాటి పేడను చెత్త అనుకున్నారంటే నేను నమ్మను.

చిట్టెం: బుదిహాళ్‌లో ఆ పశువులనే కోసి ముక్కలు చేసిన నేల కూడా బయటపడిందండీ. దాన్నీ లెక్కలో వేసుకోండి.