అప్‌డేట్: గాజువాక గోదాం లీజు అప్పులో కలుస్తుందా?

గాజువాక గోదాం 5 ఏళ్ల లీజు వల్ల కంపెనీ అప్పు పెరిగినట్టు కనబడుతుందా, రుణం ఇచ్చిన బ్యాంకు పెట్టిన అప్పు పరిమితి షరతు దాటుతుందా అని అడిగాను కదా. మీ జవాబులు చూసి, ఆడిటర్‌తో కూర్చుని తేల్చిన లెక్క ఇది.

మాకు ఇండ్ ఏఎస్ 116 (లీజులను పుస్తకాల్లో ఎలా చూపాలో చెప్పే అకౌంటింగ్ ప్రమాణం) వర్తిస్తుంది, కాబట్టి లీజు బ్యాలెన్స్ షీట్‌లో బాధ్యతగా కలుస్తుంది. అద్దె ఏడాదికి 24 లక్షలు, తేలిక కోసం చెల్లింపు ఏడాది చివర, రేటు 10 శాతం అనుకుంటే ప్రస్తుత విలువ (ఐదేళ్ల అద్దెల ఈనాటి విలువ) 90.98 లక్షలు. ఆస్తి (గోదాం వాడుకునే హక్కు) వైపూ అంతే, బాధ్యత వైపూ అంతే. మొదటి ఏడాది వడ్డీ 9.10 లక్షలు, తరుగుదల 18.20 లక్షలు. అంటే 24 అద్దె బదులు 27.30 ఖర్చు. ఎబిటా (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం) మాత్రం 24 లక్షలు మెరుగవుతుంది.

అసలు దెబ్బ కరెంట్ రేషియోకే (ఏడాదిలోపు ఆస్తులకూ ఏడాదిలోపు బాధ్యతలకూ నిష్పత్తి). ఏడాదిలో తీరే 14.90 లక్షలు కరెంట్ బాధ్యతల్లోకి వస్తాయి, ఆస్తి మొత్తం నాన్-కరెంట్‌లోనే ఉంటుంది.

జీఎస్టీ ఈ లెక్కలో కలపకూడదు. అద్దెలోంచి మెయింటెనెన్స్ విడదీస్తేనే మంచిది, లేకపోతే అప్పు అనవసరంగా ఉబ్బుతుంది.

కంపెనీల చట్టం షెడ్యూల్ 3 (బ్యాలెన్స్ షీట్ నమూనా) ప్రకారం లీజు బాధ్యత బారోయింగ్స్‌లో (అప్పుల పద్దులో) కాక విడి లైన్‌లో ఉంటుంది. అందుకే బ్యాంకు రుణం మంజూరు చేస్తూ ఇచ్చిన శాంక్షన్ లెటర్‌లో ‘అప్పు’ నిర్వచనం చదవండి. షరతు మొత్తం బయటి బాధ్యతల మీద ఉంటే లీజు తప్పించుకోదు. మినహాయింపు కావాలంటే మార్చి 31కి ముందే బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి.