4 ఏళ్ల మగ కుక్క ఇంట్లో కాలెత్తుతోంది, ఆపరేషనా ట్రైనింగా?

శేరిలింగంపల్లి_మూడో_అంతస్తు
కొంచెం పెద్ద పోస్టు, తిట్టుకోకండి. 4 ఏళ్ల ల్యాబ్రడార్‌ని దత్తత తెచ్చుకుని ఆరు వారాలైంది, పాత ఓనర్లు విదేశాలకి వెళ్తూ ఇచ్చేశారు. బంగారం లాంటోడు, అరవడు కరవడు, వాకింగ్‌లో శుభ్రంగా అన్నీ కానిచ్చుకుని వస్తాడు, తీరా ఇంట్లోకొచ్చాక సోఫా కాలు, ఇన్వర్టర్ పక్క గోడ, చెప్పుల స్టాండు, అన్నిటి మీదా రెండేసి చుక్కలు. మొన్నైతే బాల్కనీలో తులసి కోట మీదే కాలెత్తాడు, సరిగ్గా అప్పుడే అత్తయ్యగారు తలస్నానం చేసి దీపం పట్టుకుని వచ్చారు. ఇక మీరే ఊహించుకోండి. మావారు వృషణాలు తీసే ఆపరేషన్ చేయించేద్దాం అంటున్నారు, నాకేమో పాపం అనిపిస్తోంది. ట్రైనింగ్‌తో పోదా?

బెజవాడ_బుల్లెట్
పోసిన చోటికి ఈడ్చుకెళ్లి మూతి అక్కడ రాసి రెండు తగిలించండి, మా నాన్న అలాగే నేర్పేవారు. ఇప్పుడు కుక్కలక్కూడా కౌన్సెలింగ్ అంటున్నారు.

ఎంవీపీ_కాలనీ
బుల్లెట్ గారూ, అలా కొడితే కుక్కకి ఎక్కేది "ఇంట్లో పోయకూడదు" అని కాదు, "వీడు చూస్తుండగా పోయకూడదు" అని. మా బాబాయి వాళ్లదీ అదే కథ, దెబ్బలు తిని తిని మంచం కిందకి దూరి పోసేది, ఏడాది తర్వాత మంచం జరిపితే గచ్చు రంగే మారిపోయి ఉంది.

శేరిలింగంపల్లి గారూ, మీవాడు ఆపుకోలేక పోయట్లేదు. నిలువుగా ఉన్నవాటి మీద కొంచెం కొంచెం పోస్తున్నాడంటే మార్కింగే, కొత్త ఇల్లు కదా, తన వాసన లేదని సంతకాలు పెట్టుకుంటున్నాడు. అయినా ముందు యూరిన్ టెస్ట్ చేయించండి, ఇన్ఫెక్షనో షుగరో ఉంటే ఏ ట్రైనింగూ పనిచేయదు. అది క్లియర్ అయితే నా ఓటు ఆపరేషన్‌కే. 1997లో 57 మగ కుక్కల మీద చేసిన స్టడీ ఒకటుంది, 60 శాతం పైగా కుక్కల్లో మార్కింగ్ కనీసం సగం తగ్గింది, ఎంత వయసులో చేయించారు, అలవాటు ఎంత పాతది అన్నదానికి సంబంధం లేకుండా. ఇక పాపం అంటారా, మగతనం పోతుందన్న బెంగ మనుషులది, వాడిది కాదండీ.

దేశీ_కుక్క_ఓనర్
అదే స్టడీలో దాదాపు పూర్తిగా మానేసినవి పావు వంతు నుంచి 40 శాతమే, అది కూడా చెప్పండి సార్. మా వీధి కుక్కని పెద్దయ్యాకే తెచ్చుకున్నాం, చెవికి కోత ఉంది, అంటే ఆపరేషన్ ఎప్పుడో అయిపోయిందన్నమాట. ఐనా మూడు నెలలు మా ఇల్లంతా తడిపాడు. రోజూ ఫినాయిల్ కొట్టేవాళ్లం, ఆ ఘాటు మీద మళ్లీ తన వాసన వేసేవాడు. ఉచ్చ వాసనని మూలం నుంచి పోగొట్టే ఎంజైమ్ క్లీనర్‌కి మారాక తేడా కనిపించింది, రాత్రి లైట్లార్పి యూవీ టార్చ్ వేస్తే మనకి తెలియని మరకలు బియ్యం డ్రమ్ము వెనకాల కూడా మెరిశాయి.

అసలు మందు మాత్రం లీష్. ఇంట్లో ఉన్నంతసేపూ నా నడుముకి కట్టుకున్నా. వాసన చూస్తాడు, ఒక్క క్షణం బిగుసుకుంటాడు, పక్కకి అర అడుగు తిరుగుతాడు, కాలు లేచేది ఆ తర్వాతే. ఆ తిరిగేటప్పుడే "రారా" అని పిలిచి బయటికి తీసుకెళ్లాలి, అక్కడ పోస్తే ముక్క పెట్టాలి. పోసేశాక ఏం చేసినా దండగ.

బెజవాడ_బుల్లెట్
బాగుంది, కుక్కని నడుముకి కట్టుకుని ఆఫీసుకెళ్లమంటారా?

దేశీ_కుక్క_ఓనర్
వెళ్లేటప్పుడు ఒక్క గదికి పరిమితం చేయండి, లేదా మగ కుక్కలకి నడుం చుట్టూ కట్టే బెల్లీ బ్యాండ్ దొరుకుతుంది. తడిస్తే వెంటనే మార్చాలి, లేకపోతే చర్మం పాచిపోతుంది. ఐనా అది సోఫాని కాపాడుతుంది గానీ అలవాటుని మాన్పదు.

ఎంవీపీ_కాలనీ
ఇంకోటి, తుడిచేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, లెప్టో (లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు) కుక్క ఉచ్చ నుంచి కూడా మనుషులకి అంటుకుంటుంది, వ్యాక్సిన్ కార్డులో అది ఉందో లేదో చూసుకోండి. ఆపరేషన్ మీద మాత్రం నా మాట మారదు. లీష్ కూడా వాడండి, కాదనను.

శేరిలింగంపల్లి_మూడో_అంతస్తు
మూడు వారాలైంది, అప్‌డేట్ ఇస్తున్నా. టెస్ట్ క్లియర్. నడుముకి లీష్ కట్టుకునే వంట చేస్తున్నా, పోపు వేస్తున్నప్పుడు ఒకసారి లాగేశాడు, ఆవాలన్నీ స్టవ్ మీద. తులసి కోటని ఎత్తు స్టూలు మీదకి ఎక్కించాం. సోఫా జోలికి పోయి పది రోజులైంది. ఆపరేషన్‌కి నేనూ ఒప్పుకున్నా, శ్రావణం అయ్యాక చేయించండి అన్నారు అత్తయ్యగారు, ఎందుకో అడగలేదు. అంతా బాగుందనుకునేలోపు నిన్న సాయంత్రం రైతుబజార్ నుంచి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టిన సంచి మీద కాలెత్తాడు. అక్కడ పది మంది కాళ్ల మధ్య కింద పెట్టిన సంచి కదా, ఇంకెన్ని కుక్కలు వాసన చూశాయో ఏమో. తోటకూర మొత్తం పారేశా.