డ్రీమ్‌కాస్ట్: ఆట మధ్యలో మెనూలోకి వచ్చేస్తోంది, ఏం చూడాలి?

ప్రశ్న (కళింగపట్నం)
జపాన్ డ్రీమ్‌కాస్ట్ (సెగా కంపెనీ వీడియోగేమ్ మిషన్), స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుపుతున్నాను. పావుగంట బాగా ఆడుతుంది, ఉన్నట్టుండి ఆట పోయి మెయిన్ మెనూ వచ్చేస్తుంది. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, టైము అడుగుతోంది. డిస్కు మీద గీతల్లేవు. లెన్సు మార్చాలంటున్నారు. మార్చించేయమంటారా అన్నా?

బొబ్బిలి నుంచి
లెన్సు జోలికి పోకు తమ్ముడూ. లెన్సు నీరసిస్తే డిస్కు చదవదు, లేదా లోడింగ్ దగ్గరే ఆగిపోతుంది. బాగా ఆడుతూ మెనూలో పడుతోందంటే ముందు అనుమానించాల్సింది పవర్ బోర్డు పిన్నుల్ని.

దీంట్లో పవర్ బోర్డుకీ మెయిన్ బోర్డుకీ మధ్య వైర్లుండవు. నిలబడి ఉన్న ఆరు పిన్నుల మీద పవర్ బోర్డు గుచ్చుకుని కూర్చుంటుంది. ఈ మిషన్ జపాన్‌లో వచ్చింది 1998 నవంబరులో, సెగా తయారీ ఆపేసింది 2001లో. అప్పటి పిన్నులు మసకబారకుండా ఎలా ఉంటాయి? పైగా నీది సముద్రపు ఒడ్డు, ఉప్పుగాలి. 3.3 వోల్టుల లైను ఒక్క క్షణం కిందికి జారితే చాలు, రీసెట్. లోపల వేడెక్కాక ఆ పట్టు ఇంకా సడలుతుంది, అందుకే మొదట్లో రాదు.

ఒకటి మాత్రం ముందే తేల్చుకో. మూత తెరుచుకుందని మిషన్ పొరబడినా మెనూకే పోతుంది. మూత మీద లావుపాటి పుస్తకం పెట్టి ఆడి చూడు. అయినా వస్తే పిన్నులే.

నెల్లిమర్ల నుంచి
విప్పే ముందు వోల్టేజీ కూడా చూడండి. 230 నుంచి 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్‌కి సాయంత్రం 180 వస్తే బయటికి వచ్చేది 86 మాత్రమే. అదే 250 వస్తే దాదాపు 120. మల్టీమీటర్ ఏసీలో పెట్టి, ఆట నడుస్తుండగా కొలవండి, ఖాళీగా ఉన్నప్పటి లెక్క పనికిరాదు. హెచ్చుతగ్గులు ఎక్కువుంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందు స్టెబిలైజర్ పెట్టండి.

100 వాట్లది సరిపోతుంది, కానీ చేతికి బరువు తెలియాలి. తేలిగ్గా ఉండే ట్రావెల్ కన్వర్టర్లు హీటర్లకి చేసినవి, వీటికి వద్దు. జపాన్ మిషన్‌ని నేరుగా గోడ ప్లగ్గుకి పెడితే పవర్ బోర్డు పోయినట్టే.

ప్రశ్న అడిగినవారు
పుస్తకం పెట్టినా వచ్చిందన్నా. ఆటలో ఉండగా 106 చూపించింది. ఇంక విప్పడమేనా?

బొబ్బిలి నుంచి
విప్పెయ్. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. ప్లగ్గు తీసి కనీసం అరగంట ఆగు. పవర్ బోర్డు మీది పెద్ద కెపాసిటర్‌లో 150 వోల్టుల దాకా డీసీ నిలవుంటుంది, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టు. పక్కనున్న మోడెమ్ ఊడదీస్తే దాని కింద ఒక స్క్రూ ఉంటుంది. దాంతో కలిపి మొత్తం నాలుగు. చాలామంది ఆ ఒక్కటి మరిచిపోయి పై డబ్బా లాగి విరగ్గొడతారు.

పవర్ బోర్డు స్క్రూలు తీసి నిట్టనిలువుగా పైకి లాగు, పక్కకి ఊపకు. ఆరు పిన్నులు కనిపిస్తాయి. మెరుపు పోయి బూడిదరంగుకో నలుపుకో తిరిగి ఉంటే దొంగ దొరికినట్టే. మొబైల్ రిపేరు సామాన్ల షాపులో 99 శాతం ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) దొరుకుతుంది. ఇయర్‌బడ్ తడిపి ఒక్కో పిన్నూ నాలుగు పక్కలా రుద్దు. మొండిగా ఉంటే పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఆ పొడి దులిపెయ్. గరుకు కాగితం వద్దు, పైపూత లేచిపోతే రేపు ఇంకా తొందరగా పాడవుతాయి. పవర్ బోర్డు వైపు రంధ్రాల్లోనూ కాస్త ఐపీఏ పోసి, బోర్డుని ఐదారుసార్లు దించి ఎత్తు. పట్టు వదులుగా అనిపిస్తే పిన్నుల్ని వెంట్రుకవాసి ఒక పక్కకి వంచు, అంతకంటే వద్దు.

పూర్తిగా ఆరాకే కరెంటు ఇయ్యి. గంటసేపు ఆడినా మెనూ రాకపోతే పని అయినట్టు. వస్తే మెయిన్ బోర్డు అడుగున ఆ పిన్నుల టంకం పగిలి ఉంటుంది, మళ్లీ టంకం వేయించు.

చీపురుపల్లి నుంచి
తేదీ అడగడం వేరే జబ్బు. కంట్రోలర్ పోర్టుల బోర్డు మీద ఎమ్‌ఎల్2032 బ్యాటరీ టంకం వేసి ఉంటుంది, అది అయిపోయింది. ఇక్కడ జాగ్రత్త ఏటంటే, అది ఛార్జ్ అయ్యే రకం. కిరాణా కొట్లో దొరికే సీఆర్2032 చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది గానీ దానికి ఛార్జింగ్ ఎక్కితే ఉబ్బి కారుతుంది. మెమరీ కార్డులో, అదే వీఎమ్‌యూలో, వేసే రెండూ మాత్రం సీఆర్2032లే. ఆన్ చేయగానే కూత పెడుతోందంటే అవి అయిపోయాయని. ఎల్‌ఐఆర్2032 కూడా వద్దు, దాని ఛార్జింగ్ వోల్టేజీ వేరు. ఒక హోల్డర్ టంకం వేయించి ఎమ్‌ఎల్2032 పెట్టుకుంటే తర్వాత మార్చడం సుళువు.

ఆ బోర్డు మీదే ఎఫ్1 అనే చిన్న ఫ్యూజు ఉంటుంది. మిషన్ ఆన్‌లో ఉండగా కంట్రోలర్ పీకి పెడితే అది పోయి నాలుగు పోర్టులూ చచ్చుబడతాయి. బోర్డు ఎలాగూ చేతిలో ఉంటుంది కాబట్టి మీటరు బీప్‌లో పెట్టి అదీ చూసెయ్యండి.