‘పోడు’ తీసేసి ‘ఆక్రమణ’ అని రాయొచ్చా?

ప్రశ్న: ఏజెన్సీ రైతుల మీద వస్తున్న ఒక వ్యాసానికి ప్రూఫ్ చూస్తున్నాను. ‘పోడు’ అంటే పట్నాల్లో చదివేవాళ్ళకి తెలియదు, ఆ మాట వచ్చిన ప్రతిచోటా ‘అటవీ భూమి ఆక్రమణ’ అని మార్చమంటున్నారు. రెండూ ఒకటేనా? అసలు పోడు తెలుగు మాటేనా, ఒరియా నుంచి వచ్చిందా?

సమాధానం: దయచేసి మార్చకండి. పోడు ఒక సాగు పద్ధతి పేరు. ఆక్రమణ ఒక నేరం పేరు. మొదటిది తీసి రెండోది పెడితే వ్యాసంలో ఉన్న రైతు మీద మీరే కేసు పెట్టినట్టు అవుతుంది.

ముందు పద్ధతి సంగతి. కొండవాలు మీద ఒక చెక్క, అంటే చిన్న నేల ముక్క, ఎంచుకుని చలికాలం చివర్లో పొదలూ చెట్లూ నరుకుతారు. నరికింది ఎండలకి ఎండాక, తొలకరికి ముందు కాలుస్తారు. ఆ బూడిదే ఎరువు. నాగలి పెట్టరు, ఎందుకంటే ఆ వాలులో దున్నితే మొదటి గట్టి వానకే మట్టి కొట్టుకుపోతుంది. కొన్ని గింజలు చల్లుతారు, కొన్ని మొనదేలిన కర్రతో గుంట చేసి వేస్తారు. సామ, కొర్ర, చోడి, జొన్న, కంది అన్నీ కలిపి ఒకే చెక్కలో ఉంటాయి. ఒకటి ముందు కోతకొస్తే ఇంకొకటి తర్వాత వస్తుంది, ఒకటి పోయినా ఇంకొకటి తిండి పెడుతుంది. ఇప్ప, చింత, జీలుగు లాంటి పనికొచ్చే చెట్ల జోలికి పోరు. మిగతావాటిని కూడా మొదలంటా పెకలించరు, మోడు ఉంచుతారు. రెండు మూడేళ్ళయ్యాక చెక్కని వదిలేస్తే ఆ మోళ్ళే చిగురిస్తాయి.

ఆ వదిలేయడం కూడా పోడులో భాగమే. నా దృష్టిలో అసలు కీలకం అదే. మైదానం తెలుగులో సాగు ఆపిన నేలని బీడు అంటాం, రెవెన్యూ వాళ్ళు బంజరు అంటారు. పోడు విడిచిన చెక్క ఈ రెండూ కాదు. అక్కడ అడవి తిరిగి పెరుగుతోంది. కొన్నేళ్ళకి అదే కుటుంబమో, అదే ఊరివాళ్ళో అక్కడికి మళ్ళీ వస్తారు. సర్వేకి వెళ్ళినవాడికి మాత్రం అక్కడ పొదలే కనిపిస్తాయి, అడవి అని రాసుకుంటాడు. తర్వాత ఆ కుటుంబం తిరిగొస్తే ‘ఆక్రమణదారు’ అయిపోతుంది.

ఇది ఈనాటి గొడవ కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత రిజర్వు అడవుల్లో పోడుకి అడ్డు పడింది. 1922–24లో అల్లూరి సీతారామరాజు వెంట గూడెం, రంప కొండల జనం నడవడానికి రోడ్డు పనుల వెట్టితో పాటు ఈ అటవీ ఆంక్షలూ కారణమే. అటు నిజాం రాజ్యంలో, ఆదిలాబాద్ కొండల మీద పోడు చేసుకునే కోలాము గిరిజనులనీ రిజర్వు గీతలు గీసి కిందికి దింపారు. చివరికి 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే దీన్ని ‘చారిత్రక అన్యాయం’ అని ఒప్పుకుంది. పార్లమెంటు అన్యాయం అన్నదాన్ని మన ప్రూఫులో ఆక్రమణగా దిద్దడం ఏం న్యాయం?

ఇక పుట్టుక. ఒరియాలో కాల్చడానికి ‘పోడిబా’ అంటారు, ఈ సాగుని ‘పోడు చాసొ’ అంటారు. రెండు భాషలూ ఒకే కొండల్లో పక్కపక్కనే బతికాయి కాబట్టి మాట ఒకటే కావడంలో వింత లేదు. పోడు కొట్టడం, కొండపోడు లాంటి పలుకుబళ్ళు మాత్రం మన వాడుకలో పాతుకుపోయినవే. కన్నడంలో దీన్నే కుమ్రి అంటారు, మలయాళంలో పునం, ఈశాన్యంలో ఝూమ్.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. కానీ ఇప్పుడు ట్రాక్టరుతో దున్ని ఏటేటా పత్తి వేసే చేలనీ పోడే అంటున్నారు కదా. అడవి తగ్గుతున్న మాటా నిజమే కదా?

సమాధానం: నిజమే, ఆ తేడా చూపించాల్సిందే. పేపర్లలో ‘పోడు భూములు’ అన్న జంట మాట స్థిరపడ్డాక, పోడు అంటే తగాదాలో ఉన్న అటవీ భూమి అన్న అర్థం వచ్చేసింది. 2023లో తెలంగాణలో నాలుగు లక్షల ఎకరాలకి పైగా పట్టాలిచ్చినప్పుడూ వాడింది ఆ అర్థంలోనే. పట్టా ఒక్క చెక్కకి ఇస్తారు, చెక్కలు మార్చుకుంటూ తిరిగే పద్ధతికి కాదు. తిరగడానికి అడవి లేకుండా చేశాక రైతు ఉన్న చెక్కలోనే ఏటేటా వేస్తాడు, నేలకి విశ్రాంతి ఉండదు, మట్టి పలచబడుతుంది. ఆ నష్టాన్ని చూపించి పోడు అడవిని తినేస్తుందని రాస్తే కారణం తలకిందులవుతుంది.

వ్యాసంలో మొదటిసారి వచ్చినచోట ‘కొండవాలు మీద చెక్కలు మార్చుకుంటూ చేసే పోడు సాగు’ అని విప్పి రాయండి, ఆపైన పోడు అంటే చాలు, ఏ పట్నం పాఠకుడికైనా తెలుస్తుంది. ఏటేటా దున్నే చేను గురించైతే ‘పోడు భూమిలో పత్తి’ అనండి. ఆక్రమణ అన్న మాట తప్పదనుకుంటే ‘అటవీశాఖ దీన్ని ఆక్రమణ అంటోంది’ అని ఎవరి మాటో వాళ్ళకే అంటగట్టండి.