అప్‌డేట్: క్యాంప్ డేవిడ్ రోల్ ప్లే చివరికి సంతకాల దాకా వచ్చింది (కడప)

పోయిన నెల అడిగినా కదా, మా డిగ్రీ పిల్లోళ్లతో 1978 క్యాంప్ డేవిడ్ చర్చలు (అమెరికా మధ్యవర్తిగా ఈజిప్టు, ఇజ్రాయెల్ మధ్య జరిగిన శాంతి చర్చలు) రోల్ ప్లే చేయిస్తుంటే ఈజిప్టు టీమ్, ఇజ్రాయెల్ టీమ్ అరుచుకోవడం తప్ప ఏం జరగట్లేదు, రెండుసార్లు ఫెయిలైంది అని. సలహా ఇచ్చినోళ్లందరికీ థాంక్స్, పనైంది.

పనిచేసింది ఏందంటే, ఎదురెదురుగా కూర్చోబెట్టొద్దన్న సలహా. అసలు జరిగింది కూడా అట్లే, 13 రోజుల్లో మొదట్లోనే ఈజిప్టు అధ్యక్షుడు సాదత్, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్ ఎదురుపడితే గొడవే అవుతోందని అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఇద్దర్నీ విడదీసి, అమెరికావాళ్లు రాసిన ఒకే డ్రాఫ్టు పట్టుకుని అటూ ఇటూ తిరిగినాడు, దాన్ని 20 సార్లకు పైగా మార్చినారు. మేమూ రెండు రూములు తీసుకుని, కార్టర్‌గా చేసిన పాపకు ఒకే కాగితం, పెన్సిలు ఇచ్చినాం, పెన్ను కాదు. రబ్బరుతో రుద్దీ రుద్దీ సినాయ్ (1967 యుద్ధంలో ఇజ్రాయెల్ ఆక్రమించుకున్న ఈజిప్టు నేల) అని రాసిన చోట కాగితం చిల్లు పడింది.

ఇంకోటి, లోక్ అదాలత్‌లో కూర్చునే లాయర్ సార్‌ను పిలిస్తే ఆయన పది నిమిషాల్లో పట్టేసినాడు. మీ రోల్ కార్డుల్లో 'సినాయ్ మొత్తం కావాల', 'ఇచ్చేది లేదు' అనే ఉంది, ఎందుకో లేదే మేడం అన్నాడు. తప్పు నాదే. ఒకరికి సొంత నేల, ఇంకొకరికి సరిహద్దులో ట్యాంకుల భయం అని మార్చి రాసినాక, నేల ఇచ్చేద్దాం గానీ అక్కడ సైన్యం వద్దని పిల్లోళ్లే అన్నారు, 1979 ఒప్పందంలోనూ దాదాపు అదే కదా.

టైమర్, బెల్లు, జెండాలు, పిల్లోళ్లకు వేసిన సూటుకోట్లతో ఏం ఒరగలేదు. పాలస్తీనా సంగతి మాత్రం మా దగ్గర కూడా తేలలేదు.