ఎదురుకాల్పుల్లో ‘ఎదురు’ ఎవరికి?

మొన్న నెల్లూరు ట్రంకురోడ్డులో టీ తాగుతుంటే ఒక మాట చెవిన పడింది. టీవీలో ఏదో హత్య కేసు వస్తోంది. పక్కాయన గ్లాసు కింద పెట్టి ‘ఇట్లాంటోళ్లని ఎన్‌కౌంటర్ చేసెయ్యాల’ అన్నాడు. ఆయన కోపం సంగతి అట్లా ఉంచండి, నన్ను పట్టుకున్నది ఆ ‘చేసెయ్యాల’.

నేను చాన్నాళ్లు ఒక పేపరు జిల్లా డెస్కులో పనిచేశాను. పోలీసుల ప్రకటన రావడం, ‘ఎదురుకాల్పుల్లో ఇద్దరి మృతి’ అని హెడ్డింగు పెట్టేయడం, టీకి వెళ్లిపోవడం. పేపర్లో ఎదురుకాల్పులు ఎప్పుడూ ‘జరుగుతాయి’, తిరనాళ్లు జరిగినట్టు. జనం మాత్రం ‘ఎన్‌కౌంటర్ చేశారు’ అంటారు. ఎవరు, ఎవర్ని అన్నది అందులో స్పష్టం. అసలు ఇంగ్లీషు మాటకు ఎదురుపడటమనే అర్థం, చావు ఊసే లేదు. దాన్ని తీసుకొచ్చి ‘చంపడం’ అనే అర్థమిచ్చే క్రియ చేసింది మనమే.

ఇక ‘ఎదురు’ సంగతి. ఎదురుకోలు, ఎదురుగాలి అన్నప్పుడు అది ముఖాముఖి. ఎదురుదాడి, ఎదురుప్రశ్న అన్నప్పుడు ముందు అవతలివాడు మొదలుపెట్టాడు, మనది జవాబు. ఎదురుకాల్పులు ఏ గూటిది? ఎట్లా చదివినా అవతల కూడా తుపాకి పేలిందనే అర్థం. పంచనామా కూడా పూర్తికాకముందే మాట సాక్ష్యం చెప్పేస్తోంది.

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కూలీలు 20 మంది చనిపోయారు. గొడ్డళ్లతో, కొడవళ్లతో, రాళ్లతో తమమీదికి వచ్చారన్నది పోలీసుల మాట. ఆ మాటనే ఒప్పుకుందాం. గొడ్డలికి ఎదురుకాల్పులేంది?

ఒంగోలు నుంచి, వకీలు:
అన్నా, ఎన్‌కౌంటర్ అనేది చట్టం ఇచ్చిన హక్కు పేరు కాదు. చట్టంలో ఉన్నది ఆత్మరక్షణ హక్కు. పాత ఐపీసీలో 96 నుంచి 106 దాకా సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా. ప్రాణం పోతుందనో, తీవ్రమైన గాయం అవుతుందనో సహేతుకమైన భయం ఉంటే అవతలివాడి ప్రాణం తీసినా నేరం కాదు. అది మీకూ నాకూ ఉన్న హక్కే. అవసరానికి మించి కొట్టకూడదన్న హద్దూ ఉంది. చేతిలో కత్తి ఉందన్నది ఒక్కటే చాలదు, ఆ క్షణాన ఆ కత్తి ఏం చేయబోతోందన్నది చూడాలి. కత్తి పారేసి పరిగెత్తేవాడి విషయంలో లెక్క మారిపోతుంది.

ఇంకోటి. ఇట్లాంటి కేసుల్లో ఎఫ్ఐఆర్ చాలాసార్లు చనిపోయినవాడి మీదే ఉంటుంది, హత్యాయత్నం కింద. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 16 సూత్రాలు చెప్పింది. ఎఫ్ఐఆర్ కట్టాలి, సీఐడీ గానీ వేరే స్టేషను బృందం గానీ దర్యాప్తు చేయాలి, మెజిస్టీరియల్ విచారణ తప్పనిసరి, ఘటన జరిగిన వెంటనే ప్రమోషన్లు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు. మీ హెడ్డింగు మాత్రం వీటన్నిటికంటే ముందే తీర్పు ఇచ్చేస్తుంది.

కావలి నుంచి, హెడ్ కానిస్టేబుల్ కొడుకు:
మాస్టారూ, ఒకవైపే మాట్లాడుతున్నారు. మా నాయన నల్లమల డ్యూటీకి పోతే మా అమ్మ ఫోను పక్కనే పడుకునేది. 2008 జూన్‌లో ఒడిశాలోని బలిమెల రిజర్వాయరులో పోలీసుల లాంచీ మీద మావోయిస్టులు కాల్పులు జరిపితే 38 మంది పోయారు, ఎక్కువమంది మన గ్రేహౌండ్స్ వాళ్లే, మావోయిస్టుల కోసం పెట్టిన ప్రత్యేక పోలీసు దళం. తుపాకులు ఉత్తుత్తివా? పేపరాయన ఆఫీసులో కూర్చుని ‘ఎదురు’ అంటే ఏంది అని అడగొచ్చు. అడవిలో అర సెకను టైముంటుంది.

మళ్లీ నేనే:
తమ్ముడూ, నీ మాట కాదనను. నిజంగా రెండువైపులా పేలినచోట ఆ మాట ఉండాల్సిందే, దానికి అంతకన్నా మంచి తెలుగు లేదు. అన్నిటికీ అదే అతికించామనుకో, మీ నాయన పడ్డ కష్టానికీ, ఇంకెక్కడో పట్టుకుపోయి కాల్చినదానికీ ఒకే పేరు పడుతుంది. నష్టం ఎవరికి?

2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు చనిపోయారు. తమ తుపాకులు లాక్కుని కాల్చారని పోలీసులు అన్నారు. ఆరోజు మిఠాయిలు పంచారు, పోలీసుల మీద పూలు చల్లారు. 2022లో, సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ ఆ కథనం నమ్మదగ్గది కాదనీ, చంపాలనే కాల్చారనీ తేల్చింది. నివేదిక వచ్చినా జనం నోట్లో అది ‘దిశ ఎన్‌కౌంటర్’ గానే ఉండిపోయింది.

రాపూరు నుంచి:
మా నాయనమ్మకు పేపరు చదివి వినిపించేవాణ్ని. ‘ఎదురుకాల్పుల్లో హతం’ అని చదివితే, ‘కాల్చేసినారా?’ అని అడిగేది. హతం అంటే ఆమెకు తెలియక కాదు.

వకీలు:
అయితే అన్నా, ఏం రాయమంటారు మరి?

నేను:
‘పోలీసు కాల్పుల్లో మృతి’. ఎవరి తుపాకి అన్నది చెబుతుంది, ఎందుకు పేలిందన్నది చెప్పదు. కింద మొదటి వాక్యంలోనే ‘ఎదురుకాల్పులని పోలీసులు చెబుతున్నారు’ అని వేసుకోవచ్చు. హెడ్డింగులో రెండక్షరాలు ఎక్కువైతే డెస్కువాళ్లే సర్దుకుంటారు. నేనైతే అప్పట్లో సర్దుకోలేదు.